చేదు లేదన్న మాట

పొయ్యి మీద జావ ఉడుకుతోంది. అక్క గోడవైపు తిరిగి, మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నొక్కింది. పై చెంచా వీపు మీద బొటనవేలు ఆనించి, చప్పుడు కాకుండా మెల్లగా తిప్పాలి. గబుక్కున నొక్కితే ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది. ఒకసారి అలాగే పడితే తల్లీ కూతురూ నేలమీద పాకుతూ వెతికారు. తమ్ముడు గుమ్మంలోకి వచ్చి "ఏం పోయింది?" అని అడిగితే తల్లి తడుముకోకుండా "నా దిద్దు శీల" అంది. ఆ పూట ఆవిడ చెవులకి దిద్దులే లేవు. అతను ఆ చెవుల వైపు చూసి వెళ్లిపోయాడు.

పొడిని జావలో పోసి, పంచదార ఇంకో రెండు చెంచాలు వేసి, అడుగుదాకా కలిపింది. ఎనిమిది నెలలుగా ఇదే పని. "నాకు జబ్బూ లేదు, మాత్రలూ వద్దు" అని అతను మందు పట్టీని కిటికీలోంచి విసిరేసిన మర్నాడు మందుల షాపు మనిషి చెప్పిన ఉపాయమిది. నెల తిరిగేసరికి అతను కంటినిండా నిద్రపోయాడు, గడ్డం గీసుకున్నాడు, నాగాలు లేకుండా పనిలోకి వెళ్లాడు. జబ్బు వచ్చినదారినే పోయిందనుకున్నాడు. ఆడవాళ్లిద్దరూ అతన్ని అలాగే అనుకోనిచ్చారు.

తమ్ముడు బల్ల ముందు కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగలేదు. పెదవులు సున్నాలా చుట్టి, గాలి లోపలికి లాగి, జావను నాలుక మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకి దొర్లించాడు. ఇరవై రెండేళ్లుగా టీపొడి డిపోలో రుచి చూసే పని అతనిది. రోజుకి నూటయాభై కప్పులు నోట్లో పోసుకుని, ఒక్క గుటకైనా మింగకుండా ఉమ్మేసే మనిషి. డిపోలో అందరూ ఉమ్ము మాస్టారు అంటారు. ఎదురుగానే అంటారు, అతనూ పలుకుతాడు. అలాంటి నాలుక ముందు రెండు చెంచాల పంచదార ఏపాటి.

"అక్కా, ఇందులో చేదుందా?"

"ఏదీ, చూడనీ." గిన్నె అంచు నుంచి చెంచా కొసతో కాస్త తీసుకుంది. కలిపింది తనే గనక ఎక్కడ తక్కువ తగులుతుందో ఆమెకు తెలుసు. "లేదురా. పాలు అడుగంటాయేమో."

"చేదయితే లేదుగా?"

"లేదు."

"సరే" అని అతను గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు.

వాదించి ఉంటే బాగుండునని ఆమెకు రోజూ అనిపించేది. అతను వాదించడు. అతనికి గోడ వెనకనుంచి ఇద్దరు మాట్లాడతారు. ఒకడిది జలుబు చేసిన గొంతట, రెండోవాడు ఊరికే నవ్వుతాడట. మాటలన్నీ అతని గురించే. ఇప్పుడవి బాగా తగ్గాయిగానీ వారానికోసారైనా వచ్చిపోతాయి. వచ్చినప్పుడు అక్కవైపు తిరిగి "విన్నావా?" అంటాడు. ఆమె చెయ్యి ఆపి, చెవి పెట్టి విని, "లేదు" అంటుంది. అతను తలాడించి చేస్తున్న పనిలో పడతాడు. పక్కింటివాళ్లు నిజంగా పోట్లాడుకున్న రోజున "విన్నా, ఆయన మళ్లీ తాగొచ్చినట్టున్నాడు" అనీ చెప్పేది. ఉన్నది ఉందనే మనిషి కాబట్టే ఆమె లేదన్నది లేనట్టు. ఒక్క జావ సంగతిలో తప్ప.

తల్లి గుమ్మంలో నిలబడి ఖాళీ గిన్నె చూసింది. చూసి, ఆ రోజుకి గండం గడిచినట్టు ఊపిరి వదిలింది.

* * *

డిపోలో అక్కది ప్యాకింగు. కవరు మూతిని వేడి పట్టీల మధ్య పెట్టి, కాలితో మీట తొక్కి, రెండు అంకెలు లెక్కపెట్టి వదలాలి. మూడంటే కవరు మాడుతుంది. పక్క మెషిను మీద కూర్చునే ఆవిడని అందరూ సీలు వదిన అంటారు. ఆవిడ మీటతో పాటు నోరూ ఆడుతూనే ఉంటుంది.

హాలు చివర అద్దాల గది తమ్ముడిది. పొడుగాటి బల్ల మీద తెల్లటి పింగాణీ కప్పులు వరుసగా ఉంటాయి. ఒక్కో బస్తాలోంచి ఒక్కో చిటికెడు పొడి, బుల్లి త్రాసులో తూచి వేసిందే. మీద మరిగే నీళ్లు, మీద మూత. ఏ కప్పు ఏ తోటదో రాసిన చీటీని సూపర్‌వైజరు బోర్లించి కప్పు కింద పెడతాడు. రుచి చూసేవాడు ముందు తెలుసుకోకూడదు. తెలిస్తే పేరున్న తోటకి నాలుక మొగ్గుతుంది. చూసి, ఉమ్మి, ఎలా ఉందో రాసేశాకే చీటీ తిప్పాలి. తమ్ముడు చెంచాతో తీసుకుని పీల్చే చప్పుడు హాలు ఈ చివరికి వినపడేది. చిరిగిన గుడ్డని ఇంకా చింపినట్టుంటుంది. ఆ చప్పుడు వినపడుతుంటే అక్కకి కాలి కింద మీట తేలిగ్గా ఉండేది.

ఆ సోమవారం పదకొండింటికి లారీ వచ్చి వాకిట్లో ఆగింది. అట్టపెట్టెలు దించారు. అవి డిపో నుంచి పదిరోజుల కిందట వెళ్లినవే. సూపర్‌వైజరు ఒక పెట్టె కోసి, ఒక కవరు చింపి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం అదోలా పెట్టి హాల్లో అందరి ముక్కుల కిందా తిప్పాడు.

సబ్బు వాసన. అనుమానం లేదు, బట్టల సబ్బు. తోటనుంచి బస్తాలు ఏ సబ్బుల లారీలోనో వచ్చి ఉంటాయి. టీపొడికి పక్కన ఏది ఉంటే అది పీల్చుకునే గుణం. ప్యాకింగు రోజున పొడిలో ఎవరికీ పట్టుబడని వాసన కవర్లో మూసిపెట్టాక ముదిరింది.

"మంచిదేగా" అంది సీలు వదిన. "తాగుతూనే స్నానం కూడా అయిపోతుంది. జనానికి తెలివి లేక వెనక్కి పంపారు."

నలుగురు నవ్వారు. అక్క నవ్వలేదు. అద్దాల గదిలోకి యజమాని వెళ్లడం చూసింది. ఆయన చింపిన కవరు బల్ల మీద పెట్టాడు. తమ్ముడు చెంచా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏదో అడిగాడు. ఇతను తల దించుకున్నాడు. ఆయన మళ్లీ అడిగాడు. ఇతను అద్దంలోంచి హాలువైపు, సరిగ్గా ఆమె వైపు చూశాడు. ఆమె కాలు మీట మీదే ఉండిపోయింది. కవరు మాడి పొగ వచ్చింది.

"ఒసే, ఇల్లు తగలబెడతావా" అని సీలు వదిన మెషిను ఆపేలోపే అక్క గదిలోకి వెళ్లింది.

"నేనడిగేది ఒక్కటేనయ్యా" అంటున్నాడు యజమాని. కోపం లేదు ఆయన గొంతులో. అందుకే ఇంకా భయమేసింది ఆమెకు. "వేలు ముంచితే తెలిసే వాసన. నువ్వు నాలుక మీద పెట్టుకుని బాగుందని రాశావు. ఎందుకు రాశావని."

తమ్ముడు చెంచాను గుడ్డతో తుడిచాడు. ఆరిపోయిన చెంచానే మళ్లీ తుడిచాడు.

"నాదే తప్పండీ."

"తప్పని నేనూ అంటున్నా. ఎందుకని."

యజమాని అక్కవైపు తిరిగాడు. "అమ్మా, తమ్ముణ్ని తీసుకెళ్లు. ఇంటిపట్టున ఉండనీ కొన్నాళ్లు. మళ్లీ తిరగబెట్టినట్టుంది. తగ్గాక చూద్దాం." తగ్గాక అనే మాటను ఎవరూ ఆ గొంతుతో అనరు, తగ్గుతుందనుకుంటే.

గుమ్మం దగ్గర సూపర్‌వైజరు ఎవరితోనో మెల్లగా అంటున్నాడు, కణత దగ్గర వేలు గుండ్రంగా తిప్పుతూ. అక్కను చూసి ఆ వేలితోనే చెవి గోక్కున్నాడు.

* * *

ఇంటికి నడిచే దారి అరగంట. సగం దారిలో, సైకిల్ షాపు దాటాక తమ్ముడే అన్నాడు.

"సబ్బని తెలిసింది అక్కా."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మొదటి చెంచాకే. ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి మళ్లీ చూశా. మళ్లీ సబ్బే."

"తెలిసి మరి బాగుందని ఎందుకు రాశావురా?"

అతను నడక ఆపలేదు. రెండు కప్పుల మధ్య తేడా చెప్తున్నట్టు నిదానంగా చెప్పాడు. "ఇంట్లో జావలో రోజూ నాకు చేదు తగులుతోంది. నిన్నడిగితే లేదన్నావు. రోజూ అడిగా, రోజూ లేదన్నావు. గోడ వెనక మాటలూ అంతే గదా. నాకు వినపడతాయి, నీకు వినపడవు, అంటే లేవు. మరి చేదూ అంతే అయ్యుండాలి. ముందు చెవులకి పట్టింది, ఇప్పుడు నాలుకకి దిగింది అనుకున్నా. ఆ రోజు సబ్బు తగిలితే, ఇదీ నా నోట్లోదే, టీలో లేదు, నా పిచ్చి పట్టుకెళ్లి తోటవాడి నోట మన్ను కొట్టకూడదు అనుకుని బాగుందని రాశా."

అక్కకి కాళ్లు ఆగిపోయాయి. అతను నాలుగడుగులు ముందుకెళ్లి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు" అంది. అన్నాక ఆ మాట తన చెవికే వినపడింది. ఎనిమిది నెలల్లో 'లేదు' అనడం ఇది ఎన్నోసారో.

ఇంటికొచ్చాక పెరట్లో తల్లిని పట్టుకుంది. "రేపటి నుంచి నేను కలపను. వాడికి చెప్పేస్తాను."

తల్లి బట్టలు పిండుతోంది. పిండడం ఆపలేదు. "చెప్పు. చెప్పి, వాడు మళ్లీ మందు మానేసి, మళ్లీ గోడకి తల బాదుకుంటుంటే నువ్వే పట్టుకో. నా రెక్కల్లో ఓపిక లేదు."

"ఉద్యోగం పోతోందమ్మా. మన వల్ల."

"ఉద్యోగం పోతే ఇంకోటొస్తుంది. మతి పోతే వస్తుందా? కన్నదాన్ని, నాకు తెలుసు. చిన్నప్పుడు ఆముదం ముక్కు మూసి తాగించలేదూ, చచ్చిపోయాడా?"

"అప్పుడు వాడికి తెలుసు నువ్వు తాగిస్తున్నావని. కక్కే వీలుండేది వాడికి."

తల్లి పిండిన గుడ్డను దులిపింది. నీళ్లు అక్క మొహం మీద పడ్డాయి. కావాలని కాదుగానీ, క్షమించమనీ అనలేదు.

* * *

మంగళవారం పొద్దున జావలో అక్క ఏమీ కలపలేదు. గిన్నె బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. తల్లి గుమ్మానికి ఆనుకుని ఆమెకేసి చూస్తోంది, కూతురి నోరు చూపుతోనే నొక్కిపెట్టినట్టు.

తమ్ముడు మొదటి చెంచా నాలుక మీద దొర్లించాడు. కనుబొమలు ముడిపడ్డాయి. రెండో చెంచా తీసుకున్నాడు.

"ఇవాళ లేదు."

"ఏది?"

"చేదు." అతని మొహంలో సంతోషం లేదు. చెంచా గిన్నెలో పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. "రోజుకో రకంగా ఉంది నా నాలుక. చెవులంటే సరే, నాలుక కూడా పోతే నేనింకేం పట్టుకుని బతకాలి? డాక్టరమ్మ దగ్గరికి పోదాం అక్కా. ఇవాళే. నేనే వస్తా."

ఎనిమిది నెలలుగా బతిమాలినా ఆసుపత్రి గడప తొక్కని మనిషి, చొక్కా వేసుకుని వీధిలో నిలబడ్డాడు. తల్లి గెలిచినట్టు చూసింది. అక్క గిన్నె పక్కన పెట్టి, ఒక్కతే అతని వెంట బయల్దేరింది.

డాక్టరమ్మ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీకి సగం తెర. ఆవిడ నడివయసు మనిషి, కళ్లజోడు తలమీదకి తోసుకుని వింటుంది. తమ్ముడు అన్నీ చెప్పాడు. గోడ వెనక ఇద్దరూ తగ్గడం, చేదు రావడం, సబ్బు, బాగుందని రాసిన చీటీ, ఇవాళ చేదు లేకపోవడం.

"తిండిలో ఎవరైనా ఏదైనా కలిపారని అనిపించిందా?" అని అడిగిందావిడ.

"మొదట్లో అనిపించింది. అది జబ్బు మాటని తోసేశా. మా అక్క లేదంది గదా."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇలాంటి అనుమానాలు మళ్లీ తలెత్తుతున్నాయంటే ఇప్పుడు వాడే మోతాదు చాలట్లేదేమో. ఒకటి ఉన్నది ఒకటిన్నర చేద్దాం."

"ఇప్పుడు వాడేదేంటండీ?" అన్నాడు తమ్ముడు. "నేనసలు మందే వేసుకోవట్లేదుగా."

ఆవిడ కలం ఆగింది. కళ్లజోడు కిందకి దింపి అక్కవైపు చూసింది. నెల నెలా వచ్చి "వేసుకుంటున్నాడండీ, పనికి సెలవు దొరకలేదు" అని చీటీ రాయించుకెళ్లింది ఈమే.

ఇంకో అబద్ధానికి వీలుంది. నేను చెప్తే వేసుకుంటాడు, మర్చిపోతాడు అనొచ్చు. తల్లి ఉంటే అనేదే. అక్క కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"వీడి నాలుక పోలేదు డాక్టరమ్మగారూ. జావలో చేదు నిజంగానే ఉంది. నేనే కలుపుతున్నాను. మాత్ర పొడి చేసి. రోజూ. అడిగినప్పుడల్లా లేదన్నాను. ఇవాళ కలపలేదు, అందుకే చేదు లేదు."

బయట వరండాలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. మూడుసార్లు పిలిచారు.

తమ్ముడు, ఆమె ఎదురు చూసిన కేకలకి బదులు, నెమ్మదిగా పెదవులు తడుపుకున్నాడు. "అంటే, నా నాలుక బాగానే ఉంది."

"బాగానే ఉందిరా."

"సబ్బు సబ్బే."

"సబ్బే."

అతని భుజాలు దిగాయి. ఒక్క క్షణం మాత్రమే. తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపు ఆమె మీద ఎప్పుడూ పడలేదు. కొత్త తోట సరుకు చూసేటప్పటి చూపు. "మరి చెవుల సంగతి? అక్కడా నువ్వు లేదన్నావు. అదీ ఇలాంటి లేదేనా?"

"కాదురా. అవి నేను నిజంగా వినలేదు."

"ఎలా నమ్మను?"

ఆమె ప్రమాణం చేయబోయి నోరు మూసుకుంది. అబద్ధం ఆడినవాళ్ల ప్రమాణానికి ఎంత బరువుంటుంది.

డాక్టరమ్మే మాట్లాడింది. "తప్పు ఈమెదొక్కటే కాదు. మనిషిని చూడకుండా ఎనిమిది నెలలు చీటీ రాసిచ్చాను, నాదీ ఉంది. చూడండి మాస్టారూ, మీకు వినపడేది మీరు కల్పించుకునేది కాదు. మీ చెవిలో అది నిజంగానే పడుతుంది. పుట్టేది మాత్రం బయట కాదు, మెదడులో. మీ పిరికితనం వల్లో, పెంపకం వల్లో వచ్చింది కాదు. మందు దాన్ని తగ్గిస్తుంది. చాలామందికి తగ్గిస్తుంది, అందరికీ పూర్తిగా పోదు. మానేస్తే తిరిగొచ్చే వీలు ఎక్కువ. వేసుకుంటే నోరు ఎండుతుంది, మగతగా ఉంటుంది, ఒళ్లు వస్తుంది. ఇవన్నీ మీకు ముందే చెప్పి, మిమ్మల్ని అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నా. నన్నడిగితే మానొద్దంటాను. వేసుకోవాలో లేదో మీరు చెప్పండి."

"ఇప్పుడు చెప్పలేను."

"వారంలో చెప్పండి. ఈలోపు మాటలు పెరిగితే ఆ రోజే రండి. ఏ వేళైనా సరే."

అతను మందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కను దాటుకుంటూ వెళ్లి, ఆమె కోసం ఆగకుండా, ఒక్కడే నడిచి వెళ్లిపోయాడు.

* * *

బుధవారం, గురువారం అతను ఇంట్లో వండింది ముట్టలేదు. తొక్క తీసుకుని తినేవి తెచ్చుకున్నాడు. అరటిపండ్లు, కమలాలు, పెంకుతో ఉడికించిన గుడ్లు. నీళ్లు కూడా వీధి కుళాయి దగ్గర పట్టుకున్నాడు. కొత్త మందు పట్టీ అలమర మీద, కొన్నప్పటి కాగితం సంచీలోనే ఉంది.

"పండ్లకి ఇంజక్షను ఇవ్వలేమనుకుంటున్నాడు పాపం" అంది తల్లి, వినపడేలాగే. తర్వాత కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని, "చెప్పానా నీకు" అంది అక్కతో.

"చెప్పావు."

"ఇప్పుడు కలుపుదామన్నా తినడు."

"తిన్నా కలపను."

గురువారం మధ్యాహ్నం అక్క యజమాని గదికి వెళ్లింది. ఆయన ముందు నాలుగు కప్పులు, పక్కన సూపర్‌వైజరు, అతని ముందు ఉమ్మితొట్టి. సూపర్‌వైజరు గడ్డం మీద టీ కారుతోంది. మూడు రోజులుగా రుచి చూసే పని అతని నెత్తిన పడింది.

"ఏమంటావ్?" అంటున్నాడు యజమాని.

"టీ లాగే ఉందండీ."

"ఇది?"

"ఇదీ టీ లాగే ఉందండీ."

యజమాని నుదురు పట్టుకున్నాడు. అక్క నిలబడే చెప్పింది. సూపర్‌వైజర్ని బయటికి పంపమని అడగలేదు. మాత్ర, జావ, రోజూ లేదనడం, దాంతో అతను తన నాలుకనే అనుమానించడం, సబ్బు తెలిసీ బాగుందని రాయడం. చెప్తుంటే చెవులు వేడెక్కాయిగానీ మధ్యలో ఎక్కడా తప్పించలేదు.

"అయితే నాలుక సరిగ్గా ఉన్నట్టేనా?"

"నాలుక బాగుందండీ. తప్పు నా నోటిది."

"జబ్బు ఉన్నట్టేగా కానీ?"

"ఉందండీ. ఈ ఇరవై రెండేళ్లలో నాలుగేళ్లు ఆ జబ్బుతోనే మీకు రుచి చెప్పాడు. అప్పుడు మీకు తెలియదు, సరుకు ఒక్కటి వెనక్కి రాలేదు."

సూపర్‌వైజరు గడ్డం తుడుచుకుంటూ "అది నిజమేనండీ" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియనట్టు నేల చూశాడు. బహుశా ఇంకో కప్పు తాగలేక అనుంటాడు.

"శనివారం కొత్త బస్తాలొస్తాయి. రమ్మను" అన్నాడు యజమాని. "కానీ ఈసారి అనుమానమొస్తే అనుమానమని రాయాలి. నాకు చెప్పాలి. మొహమాటపడి బాగుందని రాస్తే నేనూరుకోను. అది జబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే రూలు."

* * *

శుక్రవారం సాయంత్రం అక్క కబురు చెప్తే తమ్ముడు విని "సరే" అన్నాడు. లేచి వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. కమలాపండు ఒలుస్తూ కూర్చున్నాడు. తొక్క తెగకుండా ఒకే పట్టీలా తీశాడు.

"అమ్మనీ పిలువు."

తల్లి వచ్చి గోడకి ఆనుకుంది.

"నిన్నటి నుంచి గోడ అవతల కుర్చీలు జరుపుతున్నారు" అన్నాడు. "ఇంకా మాట్లాడట్లేదు. కూర్చోబోతున్నట్టుంది."

తల్లి నోరు తెరిచింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"విన్నావా అని నిన్నడగలేదు. అడిగి లాభం లేదు గదా ఇప్పుడు. నాకు నేనే ఆలోచించుకున్నా. చేదు మొదలైంది ఎప్పుడు? డిపోకి కొత్త కప్పులొచ్చిన వారం. అది నాకు గట్టి గుర్తు. మాటలు తగ్గింది ఎప్పుడు? ఆ తర్వాత మూడు వారాలకి. మొదట నవ్వేవాడు పోయాడు, తర్వాత జలుబువాడు గొంతు తగ్గించాడు. అప్పుడు నేను మందు వేసుకుంటున్నానని నాకు తెలియదు. తెలిసి ఉంటే, తగ్గినా మీరు చెప్పారని తగ్గినట్టు అనిపించిందేమో అనుకునేవాణ్ని. డాక్టరమ్మ మాటకి మొగ్గాననుకునేవాణ్ని." కమలా తొన ఒకటి విడదీశాడు, తినలేదు. "చీటీ బోర్లించిన కప్పు అక్కా అది. పేరు తెలియకుండా చూశా. రుచి చెప్పేశా. మొన్న నువ్వు చీటీ తిప్పావు. మందు అని ఉంది."

ఆ తొనను తొక్క మీద పెట్టాడు.

"అంత నిఖార్సుగా నేను మీ మాట వల్ల నమ్మేవాణ్ని కాదు. ప్రాణం పోయినా."

తల్లి మొహం విప్పారింది. "అందుకే గదరా నాయనా మేము..."

"అందుకే అనొద్దమ్మా." గొంతు పెంచలేదు. "నాకు పనికొచ్చింది నిజం. మీరు చేసింది మంచిదని కాదు. నా నాలుకని నాకు కాకుండా చేశారు. ఇంకొక్క నెల అలాగే ఉంటే నేను ఉప్పుని పంచదారంటే పంచదారనేవాణ్ని. సబ్బుతో ఆగింది మన అదృష్టం. ఇంకోసారి నా గిన్నెలో నాకు తెలియనిది పడితే ఈ ఇంట్లో నేనుండను. మందు మాత్రం వేసుకుంటా. నా చేత్తో."

"ఎప్పట్నుంచి?" అంది తల్లి.

"రేపు."

"ఇవాళ్టికేం..."

"అమ్మా" అంది అక్క.

అతను లేచి అలమర మీది కాగితం సంచీలోంచి పట్టీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనానికి పళ్లెం తెచ్చుకుని కూర్చుని, "పెట్టు" అన్నాడు. అక్క గరిటె ముందు తన పళ్లెంలో వంచుకుని, అదే గరిటెతో అతనికి పెట్టింది. అతను ముద్దను దొర్లించాడు. చాలాసేపు. మింగాడు.

* * *

శనివారం పొద్దున్నే అతను స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వంటింట్లోకి వెళ్లాడు. కుండలోంచి నీళ్లు వంచుకున్న చప్పుడైంది. తల్లి గుమ్మం వైపు మెడ సాచింది. అక్క ఆవిడ భుజాలు పట్టుకుని వీధివైపు తిప్పింది.

"చూస్తే ఏం పోయిందే?"

"చూస్తే పోతుందమ్మా. ఇటు చూడు. వీధిలో చెత్తబండి వచ్చింది, దాన్ని చూడు."

ఇద్దరూ చెత్తబండిని చూశారు. వెనక గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు వినపడింది. అంతకుమించి ఏమీ వినపడలేదు. అక్కకి వీపంతా కళ్లు మొలిచినట్టుంది. తిరగలేదు.

అతను బయటికొచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అక్క అన్నం డబ్బాలు రెండూ సంచీలో సర్దుకుని వెంట నడిచింది. వీధి మలుపు తిరిగాక అతను అన్నాడు.

"అడగవేం?"

"ఏమని?"

"వేసుకున్నావా అని."

"నీ జేబులోది. నీ ఇష్టం."

"కలపొద్దన్నానుగానీ అడగొద్దన్లేదే. అడక్కపోతే నేనెలా చెప్పేది? ఇంక ఆ ఇద్దరికే చెప్పుకోవాలి, గోడ వెనకున్నవాళ్లకి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కళ్లలో నీళ్లూ వచ్చాయి. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"వేసుకున్నావా?"

"లేదు."

ఆమె అడుగు తడబడింది. నిలదొక్కుకుని నడిచింది. ఏమీ అనకుండా ఉండటానికి ఆ నిమిషంలో ఆమె పడిన కష్టం ఎనిమిది నెలల చెంచాల పనిలో లేదు.

"కొత్త బస్తాలు నలభై ఉన్నాయి" అన్నాడతను. "అది వేసుకుంటే రెండు గంటలు నోరు ఎండిపోతుంది. ఎండిన నాలుకతో కప్పు చూడకూడదు. పన్నెండుకి కప్పులయిపోతాయి. పన్నెండుంబావుకి అన్నంతో వేసుకుంటా. ఆ వేళ కుదురుతుందో లేదో సోమవారం డాక్టరమ్మని నేనే అడుగుతా." కాస్త ఆగి అన్నాడు. "అప్పుడు అడుగు."

డిపో గేటు దగ్గర సూపర్‌వైజరు ఎదురొచ్చి, "రండి మాస్టారూ, రండి, నా నోరు చచ్చిపోయింది" అంటూ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

అక్క తన మెషిను దగ్గరికి వెళ్లి పట్టీలు వేడెక్కేదాకా ఆగింది. కాసేపటికి అద్దాల గదిలోంచి పీల్చిన చప్పుడు వచ్చింది. సీలు వదిన తలెత్తి చూసింది. అక్క తలెత్తలేదు. మీట తొక్కి, రెండు లెక్కపెట్టి, వదిలింది. గోడమీది గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పన్నెండుంబావు దాకా ఆమె ఆ గదివైపు చూడదలచుకోలేదు.